హెర్డ్‌మానియాకు మొదటి బొట్టు

ప్రొద్దుటూరులో బట్టల కొట్టు రామకృష్ణయ్య భార్య శకుంతలమ్మకు చదువు చెప్పిన గురువంటూ ఎవరూ లేరు. కాపురానికి వచ్చిన కొత్తలో కొట్టు నుంచి చీరల మధ్య పెట్టి వచ్చే పాత పేపర్లే ఆమెకు బడి. వాటిని విప్పి, మడతలు చేత్తో సాపు చేసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. సగం చినిగిన వార్తల్లో నేర్చిన చదువు కాబట్టి ఏ సంగతికైనా చివర ఏమైందో తెలియకపోవడం ఆమెకు అలవాటే. అలవాటైంది గానీ నిబ్బరం రాలేదు. బావిలో పడిన మనిషిని తీశారో లేదో, తప్పిపోయిన పిల్ల దొరికిందో లేదో అని ఏళ్ల తరబడి దిగులుపడుతున్న వార్తలు ఆమె దగ్గర నాలుగైదు ఉన్నాయి.

అట్లాంటి మనిషి చేతికి అరవై తొమ్మిదో ఏట చివరి పేజీ కూడా ఉన్న పుస్తకం ఒకటి దొరికింది. మనవరాలు స్వాతికి పెళ్లి కుదిరింది. ఇల్లు సర్దుతుంటే ఆ పిల్ల డిగ్రీలో చదివిన జంతుశాస్త్రం అటక మీది నుంచి కింద పడింది. శకుంతలమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని విప్పితే నిండా గీతలున్న బొమ్మ కనబడింది.

"ఏందే ఇది, ఎండిన కంప మాదిరి?"

"వంశవృక్షం జేజీ. వెన్నెముక ఉండే జీవాలన్నిటిదీ. చేప, కప్ప, తొండ, కోడి, ఆవు, మనం."

"కొమ్మ చీలినచోటల్లా ఏం జరిగింది?"

"విడిపోయినారు."

"ఎందుకు?"

"ఎందుకేముంది, ఊరికే. వీళ్లొక పక్క పోయినారు, వాళ్లొక పక్క పోయినారు."

"ఒకరికొకరు చెప్పుకోకుండానేనా?"

స్వాతికి పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు. శకుంతలమ్మ మాత్రం ఆ పూట అన్నం సరిగా తినలేదు. ఆ తర్వాత ఆ పేజీ చదివేటప్పుడల్లా చీలికల మీద బొటనవేలు పెట్టి కప్పేసి, మిగిలిన గీతలే చూసేది. విడిపోవడాలంటే ఆమెకు అంత భయం. బస్సెక్కించిన మనిషి ఊరు చేరానని ఫోను చేసేదాకా వీధి గుమ్మంలో నిలబడే రకం ఆమె.

నాలుగో రోజున బొటనవేలు పక్కకు జరిగి, ఒక చీలిక కనబడింది. వెన్నెముక ఉన్నవాళ్లందరికీ, అది లేనివాళ్లలో అందరికన్నా దగ్గర చుట్టం ఎవరు అన్నది అక్కడి సంగతి. పుస్తకంలో అచ్చయినదాని ప్రకారం ఆంఫియాక్సస్ అని ఒకటుంది. చూడటానికి చేపపిల్ల మాదిరే ఉంటుంది. వెన్నులో ఒక కడ్డీ పెట్టుకుని చచ్చేదాకా దాన్ని వదలదు. రూపం చూసి, మర్యాద చూసి, ఇదే మనకు దగ్గరని పండితులు శానా కాలం నమ్మారు. అయితే ఆ పక్కనే ఖాళీలో స్వాతి నీలం సిరాతో రాసుకుంది: "ఇప్పుడు కాదు. జన్యువులు పోల్చి చూస్తే హెర్డ్‌మానియా, దాని జాతివాళ్లే మనకు దగ్గర. ఆంఫియాక్సస్ అంతకు ముందే విడిపోయింది."

శకుంతలమ్మ హెర్డ్‌మానియా బొమ్మ వెతికింది. బంగాళదుంపకు రెండు నోళ్లు పెట్టినట్టుంది. తల లేదు, తోక లేదు, వెన్ను అసలే లేదు. సముద్రంలో రాయికి అతుక్కుని, నీళ్లు తాగి నీళ్లు వదులుతుంటుంది. ఇది దగ్గర చుట్టమా?

పుస్తకం మూసి, గోడకు ఆనుకుని, "కృష్ణా!" అంది పైకే.

కృష్ణమ్మ ఆమె ఒక్కగానొక్క చెల్లెలు. జమ్మలమడుగులో ఉంటుంది. అక్కాచెల్లెళ్లు మాట్లాడుకుని ఇరవై నాలుగేళ్లు.

ఆ ఇంట్లో పెళ్లి పిలుపులకు ఒక పద్ధతి ఉంది. శకుంతలమ్మ అత్తగారు పెట్టిపోయిన పద్ధతి. మొదటి బొట్టు అందరికన్నా దగ్గర రక్తానికి పెట్టాలి. బొట్టు పెట్టించుకున్నామె "వస్తాం" అని నోటితో అనాలి. ఆ మాట వినేదాకా పిలవడానికి వెళ్లినవాళ్లు కూర్చోకూడదు, పచ్చి మంచినీళ్లు ముట్టకూడదు, ఆ గడప దాటి బయటికి రాకూడదు. కొడుకు ఫణీంద్ర పెళ్లికి శకుంతలమ్మ మొదటి బొట్టు పులివెందులలో ఉన్న పెదనాన్న కూతురు ఇందిరమ్మకు పెట్టింది. ఇందిరమ్మది అచ్చం ఆమె ముక్కే, ఆమె నడకే. మాట మన్నన తెలిసిన మనిషి. అందరూ ఇద్దరినీ సొంత అక్కాచెల్లెళ్లనుకునేవాళ్లు. ఆ మాటలకు మురిసిపోయి బుద్ధి గడ్డి తింది. కృష్ణమ్మకు మూడో రోజున బొట్టు దొరికింది. పెళ్లికి వచ్చింది, అక్షింతలు వేసింది, పోయొస్తానని చెప్పకుండా పోయింది. ఆ పోవడమే పోవడం.

రూపం చూసి మోసపోయింది తనొక్కతే కాదు, లోకంలో పండితులంతా మోసపోయారని తెలిసి శకుంతలమ్మకు సగం ప్రాణం లేచి వచ్చింది. వాళ్లు దిద్దుకున్నప్పుడు తనెందుకు దిద్దుకోకూడదు? మర్నాడే జమ్మలమడుగు పోయి చెల్లెలి నుదుట మొదటి బొట్టు పెట్టాలనుకుంది. అనుకున్న గడియలోనే అనుమానాలు మొదలయ్యాయి. ఆమె రానంటే? మొహం మీద తలుపు వేస్తే? ఈ వయసులో ఇంకో చీలికా?

భయం మనిషికి ఎక్కడలేని తర్కాలు నేర్పుతుంది. రాత్రంతా దొర్లి తెల్లారేసరికి శకుంతలమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. జీవాలన్నిటి పెద్ద వరుస దిద్దకుండా ఇంటి చిన్న వరుస దిద్దకూడదు. ముందు హెర్డ్‌మానియాకు బొట్టు పెట్టాలి.

అదృష్టమో దురదృష్టమో, హెర్డ్‌మానియా కూడా జమ్మలమడుగులోనే ఉంది. స్వాతికి పాఠాలు చెప్పిన షాహిస్తా మేడం ఇప్పుడు అక్కడి కాలేజీలో ఉంది. ఆ ల్యాబులో ఒక సీసాలో మందునీళ్లలో హెర్డ్‌మానియా ఉందట.

ఈ మాట విని రామకృష్ణయ్య కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "సీసాలో ఉండేదానికి బొట్టా? అదేమన్నా మన గోత్రమా?"

"యాభై కోట్ల ఏండ్ల నాడు ఒకటే గోత్రం."

ఆయన కాస్త ఆలోచించాడు. "మాంసం తింటాదా?"

"నీళ్లు వడగట్టుకొని బతుకుతాది."

"మరి పెట్టేది చీరా, పంచా?"

"రెండూ. ఆడా మగా రెండూ అదే. అయినా దానికి బట్టలక్కరలేదు. పుట్టినాక తన బట్ట తనే నేసుకొని ఒంటికి చుట్టుకుంటాది. పత్తిలో ఏ పదార్థం ఉందో ఆ బట్టలో అదే ఉందంట. స్వాతి చెప్పింది."

రామకృష్ణయ్య మొహం విప్పారింది. యాభై ఏళ్లు బట్టల వ్యాపారం చేసిన మనిషి. "నూలు కడతాదా? జంతువుల్లో నూలు కట్టేది ఇంకేదన్నా ఉందా? మన చుట్టమే. పోయి పిలువు."

అట్లా ఒక బుధవారం పొద్దున శకుంతలమ్మ, కోడలు గాయత్రి పళ్లెంలో కుంకుమ, పసుపు, అక్షింతలు, కార్డులు పెట్టుకుని కారెక్కారు. చివరికి చేరాల్సింది పులివెందులలో ఇందిరమ్మ ఇల్లు. ప్రొద్దుటూరు నుంచి అక్కడికి ఎర్రగుంట్ల మీదుగా పోవచ్చు, జమ్మలమడుగు మీదుగానూ పోవచ్చు. ఇరవై నాలుగేళ్లుగా శకుంతలమ్మ ఎర్రగుంట్ల దారే పట్టింది. కారు నడిపే జిలానీ అలవాటు చొప్పున అటే తిప్పాడు.

"అటు కాదు నాయనా, జమ్మలమడుగు."

జిలానీ బ్రేకు వేసి వెనక్కి తిరిగి చూశాడు. "అవ్వా, ఆరోగ్యం బాగుండాదా?"

దారిలో ఇందిరమ్మ ఫోను చేసింది. "అక్కా, బయలుదేరినారా? మొదటి బొట్టు నాదే గదా అని పొద్దున్నే తలంటుకొని కూర్చున్నా. పూర్ణాలు చేసినా. యాడున్నారు?"

"దారిలో ఉండాం," అంది శకుంతలమ్మ. ఏ దారో చెప్పలేదు.

ల్యాబులో మందునీళ్ల వాసనకు గాయత్రి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. షాహిస్తా మేడం విషయమంతా విన్నది. నవ్వలేదు. ఏటా మూడొందల మందికి వంశవృక్షం చెప్పి, ఒక్కరూ పట్టించుకోక విసిగిపోయిన మనిషి. తన పాఠాన్ని ఇంత మర్యాదగా తీసుకున్నది ఈవిడొక్కతే.

"వలి బాషా, హెర్డ్‌మానియాను కిందికి దించప్పా. జాగ్రత్త, పెండ్లి పిలుపు," అంది.

ల్యాబు పనులు చూసే వలి బాషా సీసాను గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు. లోపల చిన్న వంకాయంత, లేత గులాబీ రంగు తిత్తి. శకుంతలమ్మ కుంకుమ అద్దుకున్న వేలు ఎత్తింది. ఎత్తిన వేలు గాల్లోనే ఆగింది.

"నుదురు ఏ పక్క మేడం?"

మేడం కళ్లద్దాలు సర్దుకుంది. "మంచి ప్రశ్న పెద్దమ్మా. పిల్లగా ఉన్నప్పుడు దీనికి తలుంటుంది. ఆ తల వైపు నుంచే రాయికి అతుక్కుంటుంది. అతుక్కున్నాక లోపలంతా తిరగబడి నోరు పైకి వస్తుంది. లెక్క ప్రకారం నుదురు కింది పక్క."

"సీసా అడుగునా?"

"అడుగునే."

వలి బాషా బిస్మిల్లా అనుకుని సీసాను తలకిందులు చేసి పట్టుకున్నాడు. శకుంతలమ్మ సీసా అడుగున గాజు మీద గుండ్రంగా బొట్టు పెట్టి, "మా స్వాతి పెండ్లి. మీరంతా రావాల," అని కార్డు పక్కన పెట్టింది. వలి బాషా సీసాను మళ్లీ నిలబెట్టాడు.

"కూర్చోండి పెద్దమ్మా," అని మేడం స్టూలు జరిపింది.

"ఇంకా వస్తామనలేదు గదమ్మా."

అప్పుడు అర్థమైంది గాయత్రికి తామెంత పెద్ద గోతిలో పడ్డారో. "అత్తా! ఇది ఎట్లంటాది?"

శకుంతలమ్మకూ అప్పుడే తట్టింది. వరుస గురించి రాత్రంతా ఆలోచించింది గానీ జవాబు గురించి ఆలోచించలేదు. కూర్చోకూడదు. నీళ్లు తాగకూడదు. గడప దాటకూడదు. గోడ గడియారంలో పదింబావు.

పదకొండయింది. మోకాళ్లు సలుపుతున్నాయి. పెద్దావిడ నిలబడి ఉంటే తను కూర్చోవడం బాగుండదని మేడం కూడా నిలబడింది. వలి బాషా అరగంటకోసారి సీసాకు చెవి ఆనించి, "ఏమీ అనలేదమ్మా," అని వచ్చి చెబుతున్నాడు.

"దానికి మెదడు లేదు పెద్దమ్మా," అంది మేడం మెల్లగా. "పిల్లప్పటిది కరిగించేసుకుంటుంది. చిన్న నరాల ముడి ఒకటి మిగులుతుందంతే."

"మెదడు లేనోళ్లే ముందు వస్తామంటారు మేడం మా చుట్టాల్లో," అంది గాయత్రి. ఆమెకు దాహం వేస్తోంది.

పదకొండున్నరకు ఇందిరమ్మ మళ్లీ ఫోను చేసింది. పూర్ణాలు చల్లారుతున్నాయట. శకుంతలమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. రాయికి అతుక్కున్నట్టే ఉంది తన పని.

వలి బాషాకు జాలేసింది. టీ తెస్తానని బయటికి పోయి, టీ మరిచిపోయి, కాలేజీ గేటుకు ఎదురుగా ఉన్న గాజుల అంగడిలో దూరాడు. ఆ అంగడి కృష్ణమ్మది. పిలుపు సంగతి మేడంకు చెప్పేటప్పుడే ఈవిడ ఎవరి అక్కో అతను విన్నాడు. "అక్కా, మీ అక్క వచ్చి మా ల్యాబులో సీసాకు బొట్టు పెట్టింది," అన్నాడు. మంచి మాట చెబుతున్నాననే అనుకున్నాడు పాపం.

పావుగంటకు కృష్ణమ్మ ల్యాబు గుమ్మంలో నిలబడింది. మనిషి లావైంది. జుట్టు నెరిసింది. కుడి చేతి నిండా అమ్మకానికి తెచ్చిన గాజులు, తీయడం మరిచి అట్లనే వచ్చేసినట్టుంది. అక్క వైపు చూడలేదు. సీసాను చూసింది, కార్డును చూసింది.

"వలి బాషా, ఆమెను అడుగు. అప్పుడు పులివెందుల ఇందిరమ్మ ముందు, నేను వెనక. ఇప్పుడు ఈ సీసా ముందు, నేను వెనక. ఇంకోసారి పెండ్లి వస్తే ఏ గోడ మీది బల్లికి పెడతావు మొదటి బొట్టు, అని అడుగు."

వలి బాషా నోరు తెరిచేలోగా శకుంతలమ్మ అందుకుంది. "చెప్పప్పా ఆమెకు. ఇందిరమ్మ ఆంఫియాక్సస్ అని చెప్పు. రూపం నా మాదిరి ఉండాదని నేను మోసపోయినా. పండితులే మోసపోయినారు. ఇప్పుడు దిద్దుకున్నారు. నేను కూడా దిద్దుకుంటాండా అని చెప్పు."

"మరి నేనెవరో అడుగు."

శకుంతలమ్మ వేలు దానంతట అది సీసా వైపు పోయింది.

గాయత్రి కళ్లు మూసుకుంది.

కృష్ణమ్మ సీసా దగ్గరికి వచ్చి వంగి చూసింది. "ఇదా నేను? దీనికి తలకాయ యాడుంది?"

"లేదక్కా," అన్నాడు వలి బాషా, అడిగినందుకు చెప్పాలి గదా అని. "మెదడు కూడా లేదంట. అదే కరిగించుకుంటాదంట."

"పుట్టినప్పుడు శానా చలాకీగా ఉంటాది," అంది శకుంతలమ్మ గబగబా. "తోక ఉంటాది, కన్ను ఉంటాది, వెన్నులో కడ్డీ ఉంటాది. ఈదుతాది. తర్వాత ఏమైతాదో ఏమో, ఒక రాయి చూసుకొని దానికి నుదురు ఆనించి కూర్చుంటాది. ఇంక లేయదు. యాడికీ రాదు."

"పిలిస్తే గదా వచ్చేది!" కృష్ణమ్మ ఈసారి వలి బాషాను పక్కకు నెట్టి నేరుగా అక్క మొహంలోకి చూసింది. "ఇరవై నాలుగేండ్లలో ఎవరు పిలిచినారు? సరే, నేను రాయి మీద కూర్చున్నా. నీకు తోకుంది గదా, కన్నుంది గదా? ఎర్రగుంట్ల దారి పట్టి పులివెందులకు ఈదుకుంటా పోతాంటివే! ఒక్కతూరి ఇటు ఈదేదానికి ఏమొచ్చె?"

శకుంతలమ్మ బల్ల అంచు వదిలి చెల్లెలి వైపు తిరిగింది.

"భయమే," అంది శకుంతలమ్మ. "నువ్వు రానంటావని భయం. ఇదైతే రాననదు గదా అని ముందు దీని దగ్గరికి వచ్చినా."

కృష్ణమ్మ గాజులు ఒకసారి గలగలమన్నాయి. "అయితే ఆ బొట్టు తుడిచెయ్. మొదటి నుంచి పిలువు."

"పెట్టిన బొట్టు తుడుస్తారా చిన్నత్తా, పెండ్లి ముంగల!" గాయత్రి పళ్లెం గుండెకు హత్తుకుంది.

తుడవకూడదు. తుడవకుంటే చెల్లెలు వెనక్కి తిరుగుతుంది. శకుంతలమ్మకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. కళ్లముందు ఆ ఎండిన కంప బొమ్మ, కప్పేయడానికి బొటనవేలు చాలని చీలిక.

అప్పుడు షాహిస్తా మేడం చేయెత్తింది, క్లాసులో విద్యార్థి మాదిరి. "ఒక సందేహం. పిలుపు పూర్తయినట్టు ఎప్పుడు లెక్క?"

"వస్తాం అన్నప్పుడు," అన్నారు అక్కాచెల్లెళ్లు ఇద్దరూ ఒక్కసారే.

"ఇది ఇంతవరకు అనలేదు. అంటే మొదటి పిలుపు ఇంకా ఎవరిదీ కాలేదు."

అందరూ సీసా వైపు చూశారు. శకుంతలమ్మ చటుక్కున కుంకుమలో వేలు ముంచి చెల్లెలి నుదుట పెట్టింది. తొందరలో బొట్టు కనుబొమ మీదికి జారింది. "మా స్వాతి పెండ్లి. నువ్వు రావాల కృష్ణా."

కృష్ణమ్మ పెదవులు బిగించుకుంది. ఇరవై నాలుగేళ్ల బిగింపు, ఒక్క బొట్టుకు వదులుతుందా? ఆమె నిలబడింది. అందరూ నిలబడ్డారు.

అంతలో సీసాలో కదలిక.

ఇందాక తలకిందులు చేసినప్పుడు ఏ మడతలో చిక్కుకుందో గాలి, హెర్డ్‌మానియా పై నోట్లోంచి ఒక బుడగ మెల్లగా బయటికి వచ్చింది. పైకి తేలింది. పగిలింది. దాని వెనకే ఇంకొకటి నోటి అంచున నిలబడి, ఊరేగింపులో ముందు పోదామా వద్దా అన్నట్టు ఊగుతోంది.

"అమ్మా! ఏమో అంటాంది!" అని వలి బాషా గట్టిగా అరిచాడు.

"వస్తా!" అని కృష్ణమ్మ అంతకన్నా గట్టిగా అరిచింది. మూలన వేలాడదీసిన కప్ప అస్థిపంజరం గిలగిలలాడింది. "నేను వస్తా! నేను ముందన్నా! వలి బాషా, నువ్వే సాక్షి, నేను ముందన్నా!"

రెండో బుడగ పగిలింది.

శకుంతలమ్మ ఆ మాట విన్నాక స్టూలు కోసం చూడలేదు. ఉన్నచోటే నేల మీద కూలబడింది. మేడం ఇచ్చిన నీళ్లు గటగటా తాగింది. కృష్ణమ్మ ఆమె పక్కనే చతికిలబడి, అక్క మోకాళ్లు గట్టిగా నొక్కుతూ, మధ్యమధ్య తల తిప్పి సీసాను అనుమానంగా చూసింది. బుడగను జవాబు కింద లెక్కేయవచ్చునని మేడం తీర్పు చెప్పాక గాయత్రి కూడా నీళ్లు తాగింది. కాబట్టి రెండో పిలుపు హెర్డ్‌మానియాది.

ఇందిరమ్మకు ఆ సాయంత్రం మూడో బొట్టు దక్కింది. శకుంతలమ్మ వెంట తెచ్చిన పుస్తకం విప్పి బొమ్మ చూపించి అంతా చెప్పింది. ఇందిరమ్మ చాలాసేపు ఆ గీతను చూసి, "నేను అంత ముందే విడిపోతినా అక్కా?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. శకుంతలమ్మ ఆ చీలిక మీద తన బొటనవేలు పెట్టింది. ఇందిరమ్మ ఆ వేలి మీద తన వేలు పెట్టింది. తర్వాత గాయత్రితో కలిపి ముగ్గురూ చల్లారిన పూర్ణాలు తిన్నారు.

పెళ్లి రెండు వారాల తర్వాత వచ్చిన ఆదివారం. కృష్ణమ్మ గురువారమే, చేతిలో పెట్టెతో, గాజుల మూటతో దిగింది. చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి ఇల్లంతా కలయజూసింది.

"ఆ సీసా వచ్చిందా?"

"ఇంకా రాలేదు," అంది శకుంతలమ్మ. బస్సు దిగినానని చెల్లెలి ఫోను వచ్చినప్పటి నుంచి ఆమె అక్కడే, గుమ్మంలోనే ఉంది.

కృష్ణమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చి, హాల్లో అందరికన్నా ముందున్న కుర్చీ చూసుకుని కూర్చుంది.